విండోస్‌లో పనిచేసిన టేబుల్ లినక్స్ సర్వర్‌లో ఎందుకు 'లేదు' అంటోంది?

ఉంది. మీరు పిలిచిన పేరుకి పలకడం లేదంతే. మీ ప్రశ్నలో 'ఎర్రర్ 1146', అంటే ఆ పేరుతో టేబుల్ లేదనే మాట, చూడగానే నాకు ఒక రాత్రి గుర్తొచ్చింది.

నా ల్యాప్‌టాప్‌లో విండోస్, సర్వర్‌లో లినక్స్, రెండిట్లోనూ మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్. ల్యాప్‌టాప్‌లోని డేటాబేస్‌కి డంప్ (మొత్తం కాపీ) తీసి సర్వర్‌లోకి ఎక్కించాను. హోమ్ పేజీ చక్కగా వచ్చింది. ఆర్డర్ల పేజీ నొక్కితే 1146. టేబుళ్ల జాబితా చూపించే షో టేబుల్స్ కమాండ్ కొడితే ఆర్డర్‌ఐటమ్స్ కళ్లెదుటే ఉంది! పర్మిషన్ లేదేమోనని యూజర్‌కి ఉన్న గ్రాంట్లన్నీ (అనుమతులన్నీ) ఇచ్చేశాను. డంప్ మళ్లీ రెండుసార్లు ఎక్కించాను. ఒంటిగంట దాటాక టెన్షన్ ఆగక సీనియర్ ఒకాయనకి స్క్రీన్‌షాట్ పంపి ఫోన్ చేస్తే, నిద్రమత్తులోనే 'పేరు కాదయ్యా, అక్షరాలు చదువు' అని పెట్టేశారు.

చదివాను. కోడ్‌లో ఆ పేరుకి మొదట ఇంగ్లిష్ పెద్ద ఓ (O), మధ్యలో పెద్ద ఐ (I). డేటాబేస్‌లో అన్నీ చిన్నక్షరాలే.

మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ అంటే డిస్క్ మీద ఆ పేరుతో ఉండే ఫైలు. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్ బుద్ధులు దానికీ వస్తాయి. విండోస్‌లో మైఎస్‌క్యూఎల్ టేబుల్ పేర్లన్నిటినీ చిన్నక్షరాలు చేసి దాచుకుంటుంది, మనం ఎలా అడిగినా ఇచ్చేస్తుంది. లినక్స్‌లో ఒక్క అక్షరం సైజు మారినా అది వేరే ఫైలే. హోమ్ పేజీ బతికిపోయిందంటే, అది రాసినవాడు చిన్నక్షరాల మనిషి కాబట్టి. తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం గొడవే లేదు కదా, అందుకే మన కళ్లు ఈ తేడాని పట్టుకోవని నా సిద్ధాంతం.

కోడంతా వెతికి పేర్లు మార్చాక కూడా ఒక రిపోర్ట్ మొండికేసింది. ఈసారి 1054, ఫలానా కాలమ్ లేదని. కాలమ్ పేర్లకి ఎక్కడా ఈ పట్టింపు లేదే అని మళ్లీ అరగంట తల పట్టుకున్నాను. తీరా చూస్తే టేబుల్ అలియాస్, అంటే క్వెరీలో టేబుల్‌కి పెట్టుకునే ముద్దుపేరు! పైన పెద్ద ఓ అని పెట్టి, కింద చిన్న ఓ అని వాడారు. లినక్స్‌లో టేబుల్ అలియాస్‌కీ అదే రూలు.

ఇక టేబుల్ పేర్లన్నిటినీ చిన్నక్షరాలుగానే చూసేలా 'లోయర్ కేస్ టేబుల్ నేమ్స్' అనే సెట్టింగ్‌ని 1 చేసి రీస్టార్ట్ కొట్టమని ఇక్కడే ఎవరో ఒకరు చెబుతారు. చేయకండి. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి అది సర్వర్‌ని మొదటిసారి ఇనీషియలైజ్ చేసేటప్పుడే పెట్టుకోవాలి. తర్వాత మారిస్తే సర్వర్ లేవనే లేవదు. నాకు లేవలేదు కూడా. పాత కాలం సలహాలకి తారీఖు చూడకుండా లైకులు కొట్టేవాళ్లని ఏమనాలో!

పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌కి మారిపోండి అనేవాళ్లూ వస్తారు. అక్కడ కోట్స్ లేని పేరు చిన్నక్షరాలవుతుంది, ఒరాకిల్ డేటాబేస్‌లో పెద్దక్షరాలు. ముచ్చటపడి కోట్స్‌లో పెద్దక్షరాలతో టేబుల్ చేశారా, ఇక దాన్ని ప్రతిసారీ కోట్స్‌తోనే పిలవాలి.

కాబట్టి సెట్టింగ్ జోలికి పోకుండా కోడ్‌లో టేబుల్ పేర్లన్నీ చిన్నక్షరాలు చేయండి, తర్వాత టేబుల్ అలియాస్‌లు చూడండి. కొత్త టేబుళ్లకి పేర్లు పెట్టేటప్పుడు మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టండి. ఆ పెద్ద ఐ పెట్టిన మిత్రుడు మాత్రం 'నా మెషిన్‌లో బాగానే ఉంది' అని ఇప్పటికీ అంటూనే ఉన్నాడు. వాడిది విండోస్.