టైప్-1 షుగర్ ఉన్న పిల్లల కోసం హాస్టల్ నర్సుకు ముందు ఏం నేర్పాలి?

తిరుపతి హాస్టళ్లలో అయినా ఎక్కడైనా, ముందు సిరంజి చూడటం నేర్పాలి; టైప్-1 పిల్లల ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు, రోజూ ఇంజెక్షన్‌గా ఇవ్వాల్సిందే. మన మందుల షాపుల్లో ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది రెండూ దొరుకుతాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూతది. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 25 యూనిట్లు. పసిప్రాణం మీదికొస్తుంది! పాఠం చెబితే చాలదు, వయల్ (మందు సీసా) చేతికిచ్చి పది మంది ముందు లాగించి చూడాలి.

షుగర్ పడిపోతున్న గుర్తులు, చెమట, వణుకు కనిపిస్తే వేలు గుచ్చి షుగర్ చూడాలి. షుగర్ 70 లోపుంటే కిలో బరువుకు 0.3 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి పట్టాలి; 30 కిలోల పిల్లకు 9 గ్రాములు. 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష. అందాకా పిల్లను ఒంటరిగా గదికి పంపొద్దు. స్పృహ తప్పితే నోట్లో చుక్క కూడా పోయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు, పారేయాలి.