టెక్ సందేహాలు: గుట్టంతా చివరి స్లాష్‌లోనే

ప్రశ్న: మాది గాజువాక. ఇంజినీరింగ్ ఫైనలియర్. విశాఖ పర్యాటక ప్రదేశాల ఫొటోలతో జావా వెబ్ అప్లికేషన్ చేశాను. ఫొటోల ఫోల్డర్‌లో ఏది ఫైలో, ఏది డైరెక్టరీయో తెలియడానికి, డిస్కు మీద అసలు చిరునామా చెప్పే గెట్‌రియల్‌పాత్ మెథడ్ ఇచ్చిన పాత్‌ను ఫైల్ క్లాస్‌కి ఇచ్చి, ఈజ్‌డైరెక్టరీతో చూస్తున్నాను. ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది. సర్వర్‌లో వార్ ఫైలు (అప్లికేషన్ మొత్తాన్ని మూట కట్టిన ఫైలు) పెడితే నల్‌పాయింటర్ ఎక్సెప్షన్! ఎందుకండీ?

జవాబు: మీ ల్యాప్‌టాప్‌లో ఆ వార్ విప్పి ఉంది, సర్వర్‌లో మూట కట్టినట్టే ఉంది. విప్పని వార్‌లోని ఫొటోకి డిస్కు మీద చిరునామా ఏముంటుంది? అందుకే గెట్‌రియల్‌పాత్ నల్, అంటే ‘ఏమీ లేదు’ అని ఇస్తోంది. ఆ నల్‌నే మీరు ఫైల్ క్లాస్ చేతిలో పెడుతున్నారు.

డిస్కు సంగతి మరిచిపోయి, సర్వర్‌లో మీ అప్లికేషన్ వివరాలు చెప్పే సర్వ్‌లెట్‌కాంటెక్స్ట్‌ని అడగండి. అందులో గెట్‌రిసోర్స్‌పాత్స్ అనే మెథడ్ జావా వెబ్ ప్రమాణమైన సర్వ్‌లెట్ 2.3 నాటి నుంచీ ఉంది. స్లాష్‌తో మొదలయ్యే పాత్ ఇవ్వాలి. '/ఫొటోలు/' అని ఇస్తే '/ఫొటోలు/రుషికొండ/', '/ఫొటోలు/కైలాసగిరి.జేపీజీ' లాంటి పేర్ల సెట్ వస్తుంది. చివర స్లాష్ ఉంటే డైరెక్టరీ, లేకపోతే ఫైలు. పేరు చివర ఏముందో చూసే ఎండ్స్‌విత్‌తో ఒక్క లైను పని. వార్ లాంటి మూటలే అయిన జార్ ఫైళ్లలో, ఒక్కో పేరుకి ప్రతినిధి అయిన జిప్‌ఎంట్రీకి ఉన్న ఈజ్‌డైరెక్టరీ కూడా లోపల చూసేది ఆ స్లాష్‌నే.

ఒకే ఒక్క పేరు గురించి తేల్చుకోవాలంటే దాని పై ఫోల్డర్‌ని అడిగి, వచ్చిన సెట్‌లో ఆ పేరు స్లాష్‌తో ఉందా, లేకుండా ఉందా చూడండి. ఏమీ దొరక్కపోతే ఈ మెథడ్ కూడా నల్ ఇస్తుంది, ఖాళీ సెట్ కాదు. మళ్లీ అదే ఎక్సెప్షన్‌తో నాకు ఉత్తరం రాయకండి! పైగా ఇది ఒక్క మెట్టే దిగుతుంది. రుషికొండలో ఏముందో కావాలంటే ఆ పాత్‌తో మళ్లీ పిలవాలి.

పేరులో చుక్క ఉంటే ఫైలు అనే చిట్కా చాలామంది వాడతారు. నాకు అస్సలు గిట్టదు. 'బీచ్‌రోడ్.2023' అని ఫోల్డర్‌కి పేరు పెట్టకూడదని ఎవరైనా చట్టం చేశారా?

ఇంకొకటి. ఉత్త '/' ఇచ్చి అడిగితే వెబ్-ఇన్ఫ్ కూడా జాబితాలో వస్తుంది. బ్రౌజర్‌కి అందకుండా దాచిన ఫోల్డర్ అది. దాని లోపలికీ మళ్లీ పిలిచి, జాబితాను యథాతథంగా పేజీలో చూపిస్తే లోపలి ఫైళ్ల పేర్లు మీరే బయటపెట్టినట్టు. దాన్ని వడగట్టండి.