పాత డబ్బాలో లినక్స్, తెర మీద సోకులు

శ్రీకాకుళం

చి. అల్లుడికి మావయ్య దీవెనలు.

రాజాంలో నువ్వు మొదలుపెట్టిన పని మంచిదే. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లకు, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 అర్హత లేదు. నడుస్తున్న కంప్యూటర్ని తూకానికి అమ్మలేక జనం నీ దగ్గరికి తెస్తారు, నువ్వు విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసి ఇస్తావు. బావుంది. ఇంతకీ నువ్వడిగింది వేరు. విండోని లాగితే వంగి ఊగడం, డెస్క్‌టాప్ పెట్టెలా గిర్రున తిరగడం, మూస్తే మంటల్లో కాలినట్టు పోవడం, ఇవన్నీ పెట్టి ఇస్తే మామూలు మనుషులకి లినక్స్ ఇంకా ఎక్కువ పనికొస్తుందా అని.

మోజు పుడుతుంది, వారం ఉంటుంది. పనికిరావడం వేరే లెక్క. పనికొచ్చే ఎఫెక్టులూ ఉన్నాయి గానీ అవి ఎవరూ వీడియో తీసి చూపించే రకం కావు. చిన్న అక్షరం పెద్దగా కనిపించేలా చేసేది, పోయిన విండో ఎటు పోయిందో చూపించేది ఉంచు. మిగతావి తీసెయ్.

ఆ తిరిగే పెట్టె 2006లో, నోవెల్ సంస్థలో ఉన్న డేవిడ్ రెవెమన్ విడుదల చేసిన కాంపిజ్ అనే ఎఫెక్టుల ప్రోగ్రాంతో పేరు తెచ్చుకుంది. 2007 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 7.10లో (అదీ ఒక రకం లినక్సే), గ్రాఫిక్స్ తట్టుకోగలిగిన కంప్యూటర్లలో, ఎఫెక్టులు మొదటి నుంచీ ఆన్‌లోనే ఉండేవి. ఆ మోజు చల్లారాక మిగిలిన అసలు లాభం కాంపోజిటింగ్. ప్రతి విండో బొమ్మనీ మెమరీలో విడిగా గీసి ఉంచుకుని, గ్రాఫిక్స్ చిప్ వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి తెర మీదకి పంపుతుంది. అందుకే ఇప్పుడు విండో జరిపితే వెనక గీతలు మిగలవు, వీడియో మధ్యలో అడ్డంగా చీలినట్టు కనబడదు. ఇది ఏ ఎఫెక్టూ పెట్టకపోయినా దక్కే లాభం.

ఎఫెక్టులు ర్యామ్ తినేస్తాయని చాలామంది అంటారు. లెక్క చూడు. 1366×768 తెర నిండా ఒక విండో ఉంటే, చుక్కకి 4 బైట్ల చొప్పున అది సుమారు 4 ఎంబీ. 1920×1080 అయితే 8 ఎంబీ పైచిలుకు. రెండేసి ప్రతులు ఉంచుకున్నా, పది విండోలకి 170 ఎంబీ దాటదు. 4 జీబీ కంప్యూటర్లో ప్రాణం తీసేది బ్రౌజరే. ఎఫెక్టులకి అసలు కావాల్సింది మెమరీ వేగం. 60 హెర్ట్జ్ తెరకి ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లలో సిద్ధమవ్వాలి, దాటితే కుదుపు కనబడుతుంది. మదర్‌బోర్డులోని గ్రాఫిక్స్ వాడేది మామూలు ర్యామునే కాబట్టి, 8 జీబీ ఒకే స్టిక్ కంటే 4 జీబీవి రెండు పెడితే తేడా కంటికే తెలుస్తుంది. రెండూ జంట స్లాట్లలో ఉండాలి, సాధారణంగా ఒకే రంగువి. ఇంకా హార్డ్ డిస్కే ఉంటే మాత్రం ముందు దాన్ని తీసి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వెయ్యి. ఆ తర్వాతే ఈ ముచ్చట్లు.

ఏ ఎఫెక్టు ముట్టుకునే ముందైనా, తెర మీద బొమ్మ గీస్తున్నది గ్రాఫిక్స్ చిప్పా, ప్రాసెసరా అన్నది తేల్చు. మింట్‌తో మామూలుగా వచ్చే సిన్నమన్ డెస్క్‌టాప్‌లో లాగిన్ అవగానే ‘సాఫ్ట్‌వేర్ రెండరింగ్ మోడ్’ అని సందేశం వస్తే, బరువంతా ప్రాసెసర్ మోస్తున్నట్టు. గ్నోమ్ డెస్క్‌టాప్ అయితే సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీకి వెళ్లి గ్రాఫిక్స్ వరుస చూడు. అక్కడ ఎల్‌ఎల్‌వీఎం పైప్ (llvmpipe) అని ఉంటే అదే రోగం. దీనికి మూడు కారణాలు తరచుగా తగులుతాయి. కంపాటిబిలిటీ మోడ్‌లో బూట్ చేసి ఇన్‌స్టాల్ చేశాక, కంప్యూటర్ని బూట్ చేసే గ్రబ్ ప్రోగ్రాంలో నోమోడ్‌సెట్ (nomodeset) అన్న మాట అలాగే మిగిలిపోవడం మొదటిది. తీసేసి గ్రబ్‌ని అప్‌డేట్ చేస్తే సరి. రెండోది సెక్యూర్ బూట్, అంటే గుర్తింపు లేని డ్రైవర్లని అడ్డుకునే కాపలా. ఎన్విడియా డ్రైవర్ వేసేటప్పుడు పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చి ‘ఎన్‌రోల్ మాక్’ (Enroll MOK) అడుగుతుంది. కంగారులో దాన్ని దాటేస్తే డ్రైవర్ ఉన్నా లోడ్ అవదు. మూడోది పాత ఎన్విడియా కార్డు. జీటీ 210 లాంటివాటికి పనిచేసే 340 సిరీస్ డ్రైవర్‌ని కంపెనీ 2019తో వదిలేసింది. జీటీ 610 రకానికి సరిపోయే 390 సిరీస్‌ని 2022తో వదిలేసింది. అలాంటి కార్డులకి కంపెనీ డ్రైవర్ కోసం పాకులాడకు. లినక్స్‌తోనే వచ్చే నోవో (nouveau) డ్రైవర్ మీదే నడవనీ, లేదా కార్డు పీకేసి మదర్‌బోర్డు గ్రాఫిక్స్‌కి కేబుల్ పెట్టు. రెండోదే తరచుగా సుళువు.

డ్రైవర్ ముట్టుకునే ముందు మింట్‌లోని టైమ్‌షిఫ్ట్ ప్రోగ్రాంతో ఒక స్నాప్‌షాట్, అంటే సిస్టమ్ ఇప్పుడున్న స్థితికి నకలు, తీసి ఉంచు. నల్ల తెర వస్తే వెనక్కి రావడానికి అదే దారి.

పొద్దున్న నున్నగా నడిచి మధ్యాహ్నం మూడింటికి కుదుపులొస్తుంటే డ్రైవర్ని అనకు. మన ఎండలకి, ఫ్యాన్ నిండా దుమ్ముకి ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. దుమ్ము ఊది, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ గీకి కొత్తది బియ్యపు గింజంత పెట్టు. పలాస, సోంపేట వైపు నుంచి వచ్చే డబ్బాల్లో సముద్రపు గాలికి ర్యామ్ కాళ్లు మసకబారతాయి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి దులిపి పెట్టు.

ఇక ఉంచవలసినవి. అన్నిటికంటే ముందు జూమ్. మన లిపికి ఇది ఇంగ్లీషు కంటే ఎక్కువ అవసరం. చిన్న తెర మీద గుడి ఏదో గుడిదీర్ఘం ఏదో, థ ఏదో ధ ఏదో తేలదు. వత్తు కింద వత్తు ఉంటే మరీను. పట్టాదారు పాస్‌బుక్ పేరు సరిచూసుకునే పెద్దాయనకి ఆ ఒక్క గుర్తే ప్రాణం. సిన్నమన్‌లో యాక్సెసిబిలిటీ కింద విజువల్ భాగంలో జూమ్ ఆన్ చేసి, మౌస్ చక్రంతో కలిపి నొక్కే కీ ఎంచుకో. తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో కాంపోజిటింగ్ ఆన్‌లో ఉంటే ఆల్ట్ నొక్కి చక్రం తిప్పితే చాలు. కేడీఈ డెస్క్‌టాప్‌లో విండోస్ బటన్‌తో ప్లస్, మైనస్. గ్నోమ్‌లో విండోస్ బటన్, ఆల్ట్, 8 కలిపి నొక్కాలి. ఇచ్చేటప్పుడు పెద్దది చెయ్యడమే కాదు, మళ్లీ మామూలు సైజుకి తేవడం కూడా వాళ్ల చేతే చేయించు. లేకపోతే ‘తెర పాడైపోయింది’ అని ఫోన్ వస్తుంది.

రోజంతా పెద్ద అక్షరాలే కావాలంటే జూమ్ కాదు మందు. ఫాంట్స్ సెట్టింగ్‌లో టెక్స్ట్ స్కేలింగ్ 1.2 పెట్టు. 125 శాతం, 150 శాతం అని డిస్‌ప్లే సెట్టింగ్‌లో కనిపించే ఫ్రాక్షనల్ స్కేలింగ్ జోలికి పాత కంప్యూటర్లలో పోకు. తెర మీద బొమ్మ గీసే పాత వ్యవస్థ ఎక్స్11లో అది బొమ్మని ముందు పెద్దగా గీసి తర్వాత కుదిస్తుంది. చిప్‌కి భారం, అక్షరానికి మసక. మానిటర్ దాని అసలు రిజల్యూషన్‌లోనే ఉందో లేదో కూడా చూడు.

తర్వాతది మినిమైజ్ యానిమేషన్. సోకులా కనబడుతుంది గానీ కొత్తవాళ్లకి ఇది చాలా పనికొస్తుంది. విండో చటుక్కున మాయమైతే పోయిందనుకుని అదే ప్రోగ్రాం మళ్లీ తెరుస్తారు. సాయంత్రానికి బిల్లుల ఫైలు ఏడుసార్లు తెరిచి ఉంటుంది, ఏది సేవ్ చేశారో వాళ్లకే తెలీదు. విండో కింది పట్టీలో తన బటన్‌లోకి కుదించుకుపోతున్నట్టు కనబడితే చెయ్యి అక్కడికే వెళుతుంది. అయితే అది పావు సెకను దాటకూడదు. ఎఫెక్ట్స్ సెట్టింగ్‌లో వేగం ఉంటుంది, వేగవంతం వైపు జరుపు. మెనూలకీ డైలాగ్ పెట్టెలకీ యానిమేషన్ అక్కర్లేదు, ఆపెయ్.

తెరిచి ఉన్న విండోలన్నీ ఒకేసారి పరిచి చూపించేది మూడోది. సిన్నమన్‌లో కంట్రోల్, ఆల్ట్, కింది బాణం. తెర మూలకి మౌస్ తీసుకెళ్తే వచ్చేలా హాట్ కార్నర్స్‌లో పెట్టొచ్చు. కానీ ఆలస్యం 300 మిల్లీసెకన్లు ఇవ్వు. లేదంటే మూలనున్న బటన్ నొక్కబోయిన ప్రతిసారీ విండోలన్నీ చెదిరి మనిషి బెదిరిపోతాడు. విండోని అంచుకి లాగితే సగం తెరలో కూర్చోవడం కూడా మంచిదే గానీ 1366 తెర మీద ఒక్కో సగానికి 683 చుక్కలే వస్తాయి. పలాస జీడిపప్పు వ్యాపారి లెడ్జరు అందులో ఇరుక్కుంటుంది. పెద్ద మానిటర్ ఉన్నవాళ్లకే నేర్పు.

కంట్రోల్ నొక్కితే బాణం గుర్తు చుట్టూ వలయం వచ్చే సదుపాయం సిన్నమన్ మౌస్ సెట్టింగ్‌లో ఉంటుంది. ప్రొజెక్టర్ వాడే మాస్టారికి, చూపు తగ్గినవాళ్లకి పెట్టు. మిగతావాళ్లకి కాపీ కొట్టిన ప్రతిసారీ వలయం తగులుతూ విసుగు.

నైట్ లైట్ సంగతి ఒక్క మాట. సిన్నమన్ 6.4 నుంచి అందులోనే వస్తోంది. ఫోటో, ఫ్లెక్సీ పని చేసేవాళ్ల కంప్యూటర్లో మాత్రం ఆపి ఇవ్వు. సాయంత్రం పసుపు తెర మీద రంగు సరిచేసి, ప్రింట్ నీలంగా వచ్చిందని ఇంకు మీద పడతారు.

తీసెయ్యాల్సినవాటికి ఇన్ని మాటలు అక్కర్లేదు. సిన్నమన్‌లో ఊగే విండోలు, పెట్టె, మంటలు ఎక్స్‌టెన్షన్లుగా దొరుకుతాయి. అవి డెస్క్‌టాప్ ప్రోగ్రాం లోపలే నడుస్తాయి కాబట్టి ఒకటి తప్పుచేస్తే డెస్క్‌టాప్ మొత్తం కూలి, అరకొరగా నడిచే ఫాల్‌బ్యాక్ మోడ్‌లో పడుతుంది. సిన్నమన్ కొత్త వెర్షన్ వచ్చిన రోజే ఈ ఫోన్లు మొదలవుతాయి. కేడీఈ వాళ్లయితే తమ డెస్క్‌టాప్ ప్లాస్మా 6లో పెట్టెని 2024లో మళ్లీ తెచ్చారు. అక్కడ అది వాళ్ల సొంత సరుకు కాబట్టి కొంత నయం, సరదాపడే కాలేజీ కుర్రాడికి ఉంచు. వెనక బొమ్మ కనిపించే టెర్మినల్, పారదర్శకమైన పట్టీ మాత్రం వద్దు. చెట్టు కొమ్మల మీద తెలుగు వత్తులు చదవడం ఎవరి తరం? బ్లర్ అయితే అన్నిటికంటే ఖరీదైనది. కింద ఏది కదిలినా ఆ భాగాన్ని మళ్లీ మళ్లీ మసకబరుస్తూ ఉండాలి. పాత ఇంటెల్ చిప్‌కి అదొక్కటే చాలు ఆయాసం రావడానికి.

వర్క్‌స్పేసులు, అంటే పక్కపక్కనే ఉండే విడి డెస్క్‌టాప్‌లు, నాలుగు ఉంటే ఒకటి చెయ్యి. తెలియక కంట్రోల్, ఆల్ట్, పక్క బాణం నొక్కితే పక్క వర్క్‌స్పేసుకి జారిపోయి, టైపు చేసిన పరీక్ష దరఖాస్తు మాయమైందని గుంటలు ఏడుస్తారు. తల తిరుగుడు ఉన్నవాళ్లకి అన్ని యానిమేషన్లూ ఆపెయ్. నువ్వు దూరం నుంచి రిమోట్‌లో సరిచేసే కంప్యూటర్లకీ అంతే. కదిలే ప్రతి బొమ్మా నెట్‌లో ప్రయాణించాలి కదా, ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద అది ముందుకు సాగదు.

ఒకటి గుర్తుపెట్టుకో. సిన్నమన్‌లో ఎఫెక్టులన్నీ ఆపినా ఆగేవి యానిమేషన్లే, కాంపోజిటింగ్ ఆగదు. పూర్తిగా ఆపాల్సినంత బక్క డబ్బా అయితే మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వెయ్యి. విండో మేనేజర్ ట్వీక్స్‌లో చివరి పేజీ కాంపోజిటర్, అక్కడ ఒక్క టిక్కు తీస్తే చాలు. ఆపాక వీడియో చీలుతున్నట్టనిపిస్తే మళ్లీ పెట్టి, నీడలు మాత్రం తీసి చూడు.

పరీక్ష ఇలా చెయ్యి. బ్రౌజర్లో ఒక వీడియో నడుస్తుండగా లిబ్రే ఆఫీసులో పది పేజీల తెలుగు ఫైలు తెరువు. దాని విండోని వీడియో మీదుగా మెల్లగా అటూ ఇటూ లాగు. పక్కన సిస్టమ్ మానిటర్ పెట్టి ప్రాసెసర్ గీత చూడు. ఒకసారి ఎఫెక్టులతో, ఒకసారి లేకుండా. గీతలో పెద్ద తేడా లేకపోతే ఉంచేయొచ్చు. ఒక కోర్ నూటికి తగులుతుంటే డ్రైవర్ దగ్గరికి తిరిగి వెళ్లు.

ఇంత చెప్పినా ముందు చెయ్యాల్సినవి వేరే ఉన్నాయి. పెళ్లివారింటికి సీరియల్ లైట్లు కట్టి వంటపందిట్లో బల్బు మర్చిపోయినట్టు కాకూడదు. నోటో, లోహిత్ తెలుగు ఫాంట్లు, తెలుగు టైపింగ్‌కి వాడే ఐబస్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు గానీ ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే పద్ధతి గానీ, ప్రింటర్, స్కానర్, ఇవి నీ దుకాణంలోనే నడిచి చూపించాలి. అను ఫాంట్లతో పెళ్లికార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ వాళ్లకి లినక్స్ అంటగట్టకు. వాళ్ల పాత ఫైళ్లన్నీ అందులోనే ఉంటాయి, ఎన్ని ఎఫెక్టులు పెట్టినా అవి తెరుచుకోవు. వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాళ్లుంటే లినక్స్ డ్రైవర్ ఉందో లేదో తేల్చుకున్నాకే డిస్క్ చెరుపు.

ఈసారి వచ్చినప్పుడు రెండు మూడు డబ్బాల మోడల్ నంబర్లు, వాటిలోని గ్రాఫిక్స్ వివరం కాగితం మీద రాసి తీసుకురా, దేనికి ఏ ఎడిషనో కూర్చుని చూద్దాం. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య