స్మోక్డ్ సాల్మన్ తెచ్చుకున్నారా? పులుసు మాత్రం పెట్టకండి

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది, ఏమనుకోకండి. సియాటిల్ వచ్చి నాలుగు నెలలైంది, కాస్ట్‌కోలో స్మోక్డ్ సాల్మన్ (పొగబెట్టిన సాల్మన్ చేప) జత పాకెట్లు తెచ్చాం, ఒకటి తెరిచి వాసన చూసి మళ్ళీ మూసేశాం, ఆఫీసు నుంచి వచ్చాక పావుగంటలో దీంతో ఏం చేసుకోవచ్చు, పులుసు పెట్టొచ్చా అని అడిగారు. పదేళ్ళ కిందట నేను అదే పాకెట్టు తెచ్చి పులుసే పెట్టాను.

అప్పుడు ఇంకో ఇద్దరు కుర్రాళ్ళతో కలిసి బెల్‌వ్యూలో ఉండేవాణ్ణి. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు, చేప కనబడితే చెయ్యి దానంతటదే చింతపండు డబ్బా మీదకి పోతుంది. ఉల్లిపాయలు వేయించి, పులుసు మరిగించి, కారం ఉప్పు సరిచూసుకుని, కాగితంలా పలచగా కోసిన ఆ ముక్కల్ని అందులో వేశాను. నారింజరంగులో నిగనిగలాడుతున్నవి కాస్తా రెండు నిమిషాల్లో తెల్లగా పాలిపోయి, ముడుచుకుపోయి, తునకలైపోయాయి. పులుసంతా పొగచూరిన వాసన. చేపలో ముందే ఉప్పుందన్న సంగతి తెలియక నేను మామూలుగానే ఉప్పు వేశాను కాబట్టి ఒక్క ముద్ద కూడా దిగలేదు. గిన్నెడు పులుసు పారబోసి ఆ రాత్రి నూడుల్స్ తిన్నాం. ఆ ఖరీదులో ఆ రోజుల్లో వారం రోజుల కూరగాయలొచ్చేవి, అది వేరే బాధ.

కాబట్టి వంటల్లోకి వెళ్ళేముందు మీ పాకెట్టు మీద ఏం రాసుందో చూడండి. స్మోక్డ్ సాల్మన్‌లో రెండు రకాలున్నాయి, రెండూ పేరుకే అన్నదమ్ములు. పలచటి పొరలుగా, మెత్తగా, పచ్చిచేపలా మెరుస్తూ ఉంటే అది కోల్డ్ స్మోక్డ్. ఉప్పులో ఊరబెట్టి, సుమారు 30 డిగ్రీల సెల్సియస్ లోపు చల్లటి పొగలో గంటలకొద్దీ ఉంచుతారు, అంటే వేడి మీద ఉడకలేదన్నమాట. గట్టిగా, మందంగా, వేలితో నొక్కితే రేకులు రేకులుగా విడిపోయేది హాట్ స్మోక్డ్. అది పొగలోనే ఉడికిపోతుంది, లోపల 63 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. మన వాషింగ్టన్ రాష్ట్రం, అలాస్కా వైపు సంప్రదాయంగా ఆల్డర్ కట్టె పొగ పెడతారు, ఈ తీరంలోని ఆదివాసీ తెగలు ఎన్నో తరాలుగా సాల్మన్‌ని పొగలో ఆరబెట్టి చలికాలానికి దాచుకునేవాళ్ళు. మన దగ్గర వర్షాకాలానికి ఎండుచేపలు దాచినట్టే. పాకెట్టు మీద నోవా అని ఉంటే అది కోల్డ్ రకం. లాక్స్ అని ఉన్నా దాదాపు అదే, అసలైన లాక్స్‌కైతే పొగ కూడా పెట్టరు, ఉప్పులో ఊరుస్తారంతే.

మీరు వాసన చూసి మూసేసింది కోల్డ్ రకమే అయ్యుంటుందని నా అనుమానం. దాన్ని పొయ్యి మీద పెట్టకుండా, పొయ్యి కట్టేసిన తరవాత కలిపేలా వండుకోవాలి. ఇంకొకటి, దీన్ని కూర చేప అనుకోకండి, ఊరగాయ అనుకోండి. ఆవకాయని గిన్నెడు తినం కదా, చప్పటి దానిలోకి కొంచెం కొంచెంగా నంజుకుంటాం. ఇదీ అంతే. గుడ్డు, బంగాళాదుంప, అన్నం, బ్రెడ్డు, పాస్తా లాంటి చప్పటివాటి పక్కన మనిషికి 40, 50 గ్రాములుంటే చాలు. అలా వాడితే ఖరీదు కూడా పెద్దగా అనిపించదు.

అన్నిటికంటే తేలిక గుడ్డు. మూడు గుడ్లు గిలక్కొట్టి, బటర్ వేసిన పెనంలో బాగా చిన్న సెగ మీద కలుపుతూ ఉండండి, ఇంకా కాస్త తడిగా ఉండగానే పొయ్యి కట్టేయండి. అప్పుడు సాల్మన్‌ని చేత్తో చించి కలిపేసి పైన మిరియాలపొడి. ఉప్పు వద్దు, ఒక్క చిటికెడు కూడా వద్దు, తిని చూసి తక్కువైతే అప్పుడు చూద్దాం. టోస్ట్ చేసిన బ్రెడ్డు మీద వేసుకుంటే రాత్రి భోజనం అయిపోయినట్టే. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఇది చూసి "గుడ్డు ఉడకలేదు, చేప ఉడకలేదు, ఇదేం తిండిరా" అంది. ఆవిడకి గుడ్డు బాగా వేయించి పెట్టాను, తింది.

బేగల్ (గారెలా మధ్యలో చిల్లుండే బ్రెడ్డు), క్రీమ్ చీజ్, సాల్మన్ సంగతి ఇక్కడ ఎవరైనా చెప్తారు, న్యూయార్క్ యూదుల తోపుడుబళ్ళల్లోంచి, దుకాణాల్లోంచి దేశమంతా పాకిన టిఫిన్ అది. నేను మాత్రం బేగల్ కొనడం మానేసి దోసెలపిండి వాడతాను. శనివారం రుబ్బిన పిండి మంగళవారానికి పులిసిపోతుంది చూడండి, ఇక దోసెకి పనికిరాదనుకునే ఆ పిండి దీనికి భలే కుదురుతుంది. అరచేతిలో సగం ఉండేలా చిన్న చిన్న ఊతప్పాలు వేసి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద పెడితే చీజ్ కారిపోతుంది, చేప పాలిపోతుంది. ఒక్కోదాని మీద చెంచాడు క్రీమ్ చీజ్, ఒక సాల్మన్ పొర, నిమ్మరసంలో ఐదు నిమిషాలు నానబెట్టిన సన్నటి ఉల్లిపాయ, కాస్త డిల్. డిల్ అంటే కొత్తదేం కాదు, మన సోయికూరే, హైదరాబాద్ వాళ్ళకి బాగా తెలుసు. దీంతోపాటు కేపర్లు అని ఉప్పునీళ్ళలో ఊరేసిన పూమొగ్గలు వేస్తారు ఇక్కడ, సీసా పెట్టి కొననక్కర్లేదు, పుల్లమామిడికాయ సన్నగా తరిగి వేసినా అదే పని చేస్తుంది. రష్యా వాళ్ళు పులియబెట్టిన పిండితో బ్లినీ అని చిన్న అట్లు వేసి వాటి మీద ఇలాగే చేప పెట్టుకుంటారు, అందుకే మన పులిసిన పిండి ఇంత చక్కగా అతుక్కుందని నాకనిపిస్తుంది. ఇంటికి ఆఫీసు వాళ్ళు వస్తే నేను చేసేది ఇదే, పళ్ళెం ఖాళీ అవకుండా ఎప్పుడూ తిరిగి రాలేదు.

మా అమ్మ దీనికీ ఒక మాటంది, చేపా పాలూ కలిపి తింటే బొల్లి మచ్చలొస్తాయని. చిన్నప్పట్నుంచీ మనందరం విన్నదే. అలాంటిదేమీ రాదండీ, చేప మీద క్రీమ్ చీజ్ రాసుకుని తినేవాళ్ళు ఈ దేశం నిండా ఉన్నారు. నమ్మకం కుదరకపోతే చీజ్ బదులు అవకాడో మెదిపి రాయండి, గొడవ వదిలిపోతుంది.

పాస్తా కూడా పావుగంటలో అవుతుంది. ఇద్దరికి 200 గ్రాముల పాస్తా ఉడికించి, వార్చేముందు ఒక కప్పు ఆ నీళ్ళు పక్కన పెట్టుకోండి, మర్చిపోతే మొత్తం పిడచకట్టుకుపోతుంది, నాకు చాలాసార్లు అయింది. వేడి గిన్నెలోనే మూడు చెంచాల క్రీమ్ చీజ్, ఆ నీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ కలిపితే చిక్కటి సాస్ తయారవుతుంది. బఠాణీలు పాస్తా ఉడికే నీళ్ళలోనే చివరి రెండు నిమిషాల్లో వేసేయండి. ఇక పొయ్యి కట్టేసి నిమ్మరసం, నిమ్మతొక్క తురుము, మిరియాలు, చించిన సాల్మన్ 100 గ్రాములు. పాస్తా ఉడికే నీళ్ళలో ఉప్పు మామూలుగా వేసేదాంట్లో సగం వేస్తే చాలు.

ఇప్పుడు హాట్ స్మోక్డ్ సంగతి. మన ఇళ్ళకి నిజానికి ఇది ఎక్కువ కుదురుతుంది, మళ్ళీ కాస్సేపు వేడి తగిలినా ఏమీ కాదు. ఊళ్ళో సొరచేప పొరటు తిన్నారా? అదే పద్ధతి. నూనెలో జీలకర్ర, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించి, అరచెంచా అల్లంవెల్లుల్లి, పసుపు, పచ్చివాసన పోయాక తోలు తీసి చిదిపిన సాల్మన్ 150 గ్రాములు వేసి ఒక్క నాలుగు నిమిషాలు, చివర మిరియాలపొడి, కొత్తిమీర, అరచెక్క నిమ్మరసం. ఇక్కడా ఉప్పు వేయకండి. కుక్కర్లో ముద్దపప్పు, పైన నెయ్యి, పక్కన ఇది. ముద్దపప్పులోకి ఎండుచేప వేపుడు నంజుకుని పెరిగినవాళ్ళకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. పైగా ఎండుచేపలు వేయిస్తే అపార్ట్‌మెంట్‌లో మూడు అంతస్తుల వాళ్ళు కిటికీలు తెరుస్తారు, దీనికి ఆ టెన్షన్ లేదు. తేనె రాసినవి, మేపుల్ సిరప్ పట్టించినవి కూడా అమ్ముతారు, తియ్యగా ఉంటాయి, అవి మాత్రం దీనికి పనికిరావు. తెలియక తెచ్చి ఒకసారి చేశాను, బెల్లం పోసిన వేపుడులా ఉంది. వాటిని ఊరికే చిరుతిండిలా తినేయడమే.

ఇంకొకటి కెడ్జరీ. పేరు విన్నారా, మన కిచిడీయే. బ్రిటిష్ వాళ్ళు మన దేశం నుంచి కిచిడీని పట్టుకుపోయి, పప్పు తీసేసి, పొగబెట్టిన హేడక్ చేప, ఉడికించిన గుడ్లు, కర్రీ పౌడర్ వేసి విక్టోరియా రాణి కాలంలో పొద్దుటి ఫలహారం చేసుకున్నారు. హేడక్ బదులు హాట్ స్మోక్డ్ సాల్మన్ బ్రహ్మాండంగా సరిపోతుంది. నిన్నటి అన్నం మిగిలితే ఇంకా మేలు. బటర్‌లో ఉల్లిపాయ మెత్తబడేదాకా వేయించి, పసుపు, జీలకర్రపొడి, ధనియాలపొడి కొంచెం కొంచెం, అన్నం వేసి వేడెక్కాక చేప రేకులు, నాలుగు పాయలుగా కోసిన ఉడికించిన గుడ్లు, కొత్తిమీర, నిమ్మకాయ. నేను పచ్చిమిర్చి కూడా వేస్తాను. కర్రీ పౌడర్ డబ్బా కొనకండి, మన పోపుల డబ్బాలో ఉన్నవే దాంట్లోనూ ఉంటాయి.

చలికాలంలో చౌడర్ అని పాలతో సూప్ చేసుకోవచ్చు, బంగాళాదుంప, మొక్కజొన్న గింజలు, సెలరీ మెత్తగా ఉడికించి, పాలు పోసి, చివర్లో చేప. పైక్ ప్లేస్ మార్కెట్‌కి వెళ్ళినప్పుడు ముందు అక్కడ ఒక గిన్నె తాగి చూడండి, నచ్చితే ఇంట్లో చేసుకోండి. నాకు రెండు గరిటెల తరవాత మొహం మొత్తుతుంది, పిల్లాడికి మాత్రం ప్రాణం.

చేయకూడనివి చెప్తాను. చింతపండు, పైన చెప్పాను. గరం మసాలా కూడా వద్దు, పొగ వాసన మీద లవంగం, చెక్క పడితే రెండూ కొట్టుకుంటాయి. బిర్యానీలో వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి.

ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు మొదటి విజిట్‌లోనే డాక్టర్ ఇచ్చిన కాగితంలో ఫ్రిజ్‌లో అమ్మే స్మోక్డ్ చేపలు వద్దని ఉంది. లిస్టీరియా అనే బాక్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది, కోల్డ్ రకాన్ని వండరు కాబట్టి చచ్చే అవకాశం లేదు. హాట్ రకమైనా ఫ్రిజ్‌లో అమ్మేదైతే ఇదే మాట, ప్యాకింగ్‌లో మళ్ళీ చేరొచ్చు. 74 డిగ్రీల దాకా వేడి చేసి తింటే పరవాలేదు, ఫ్రిజ్ అక్కర్లేని సీల్డ్ డబ్బాల్లోది కూడా పరవాలేదు. మీ ఇంట్లో గర్భిణులు, బాగా పెద్దవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గే మందులు వాడేవాళ్ళు ఉంటే ఊతప్పాలు, పొయ్యి కట్టేశాక చేప కలిపే గుడ్లు, పాస్తా వాళ్ళకి పెట్టకండి, పొరటు పొగలు కక్కేలా వేడి చేసి పెట్టండి. బీపీ ఉన్నవాళ్ళు పాకెట్టు వెనకాల సోడియం అంకె చూసుకోండి, ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, చాలావాటికి బాగా ఎక్కువే.

తెరిచిన పాకెట్టు ఎన్ని రోజులైంది? మీరు చెప్పలేదు. నేను మూడు నాలుగు రోజులు దాటనివ్వను, పాకెట్టు మీద అంతకంటే తక్కువ రాసి ఉంటే అదే లెక్క. వారం దాటిపోయుంటే ఖరీదు చూసుకోకుండా పారేయండి. తెరవని దాన్ని ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు, రెండు నెలల్లోపు వాడేస్తే రుచి పెద్దగా మారదు. తినాలనుకున్న ముందురోజు రాత్రి బయటికి తీసి, వాక్యూమ్ కవరు ఒక మూల కత్తిరించి, గిన్నెలో పెట్టి కింద ఫ్రిజ్‌లో ఉంచండి. గాలి చొరబడని కవర్లోనే కరిగిస్తే గాలి అక్కర్లేని ప్రమాదకరమైన బాక్టీరియా పెరగొచ్చు, అందుకే ఆ కత్తిరింపు. వంటగట్టు మీద పెట్టి కరిగించడం అసలు వద్దు.

ఇవాళ్టికైతే, తెరిచిన పాకెట్టు ఇంకా బాగానే ఉంటే గుడ్లతో మొదలుపెట్టండి, ఇంట్లో ఎలాగూ ఉంటాయి. రెండో పాకెట్టు మీద ఏ రకమని రాసుందో చూసి చెప్పండి, హాట్ రకమైతే ఆదివారం ముద్దపప్పుకి ఉంచేయండి.