పేద దేశాల ఈమెయిల్ మోసగాళ్లు తమ పనిని ఎలా సమర్థించుకుంటారు? ఆ సమర్థనలో నిజం ఉందా?

మీరు అడిగినవి రెండు విషయాలు. పేద దేశాల్లో కూర్చుని ఈమెయిళ్లతో మోసాలు చేసేవారు తమ పనిని తమకు తాము ఎలా సమర్థించుకుంటారన్నది ఒకటి, ప్రపంచంలో ఇంత అసమానత ఉండగా ఆ సమర్థనలో నిజం ఏమైనా ఉందా అన్నది రెండోది. అటువంటి వ్యక్తి ఒకడు ఇరవై ఏళ్ల క్రితం ఈ ప్రశ్నకు స్వయంగా నాకు జవాబు రాశాడు కాబట్టి, అక్కడి నుంచే మొదలుపెడతాను.

2002 నుంచి 2009 వరకు గుంటూరు బ్రాడీపేటలో నేను ఇంటర్నెట్ సెంటర్ నడిపాను. ఎనిమిది కంప్యూటర్లు, గంటకు ఇరవై రూపాయలు, ప్రింటు తీస్తే పేజీకి ఐదు రూపాయలు. వచ్చేవారిలో ఎక్కువ మంది అమెరికా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తులు పెట్టుకునే ఇంజనీరింగ్ పిల్లలు. వారి మధ్యలో రోజూ సాయంత్రం నాలుగు గంటలకు, మస్కట్‌లో ఉన్న కూతురు రాసిన మెయిలు చదువుకోవడానికి ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయులు వచ్చేవారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పిన మనిషి. 2004 వేసవిలో ఆయనకు నైజీరియా నగరం లాగోస్‌లోని ఒక బ్యాంకు అధికారినని చెప్పుకుంటూ ఎవరో మెయిలు రాశారు. వారసులెవరూ లేని ఒక విదేశీ ఖాతాదారు విమాన ప్రమాదంలో మరణించాడనీ, అతని ఖాతాలో తొంభై లక్షల డాలర్లు మూలుగుతున్నాయనీ, మాస్టారు వారసుడిగా సంతకం పెడితే ముప్పై శాతం వాటా ఇస్తామనీ దాని సారాంశం.

ఆ ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఆయన నా దగ్గరే ప్రింటు తీయించుకుని ఒక ఫైలులో పెట్టుకునేవారు. ధ్రువపత్రానికి పద్దెనిమిది వేలు, ఆ తరువాత పన్నుకు నలభై వేలు, ఆ పైన ఉగ్రవాదానికి సంబంధం లేని సొమ్మని రాసిచ్చే కాగితానికి మరికొంత, అంతా ముంబైలోని ఒక ఖాతాలో వేయమన్నారు. నాలుగు నెలల్లో రెండు లక్షల డెబ్బై వేల రూపాయలు పోయాయి. అందులో కొంత పింఛనులో ఒక భాగాన్ని వదులుకుని ముందే ఒకేసారి తీసుకున్న కమ్యుటేషన్ సొమ్ము, మిగిలింది భార్య గాజుల మీద తెచ్చిన తాకట్టు డబ్బు. ప్రింటు తీసేవాడు కాగితం మీద ఏముందో చూడకుండా ఉండడు, నేనూ చూశాను. రెండో ప్రింటు నాడే నాకు అనుమానం వచ్చింది. కాని ఆయన పెద్దవారు, నేను కంప్యూటర్లు అద్దెకిచ్చుకునేవాణ్ణి, ఆయన వ్యవహారం నాకెందుకని ఊరుకున్నాను. ఈ మాట తరువాత మళ్లీ వస్తుంది.

విషయం బయటపడ్డాక, కోపం ఆపుకోలేక, ఆ చిరునామాకు నా పేరుతోనే ఒక మెయిలు రాశాను. జవాబు వస్తుందని అనుకోలేదు. నాలుగో రోజున వచ్చింది, అదీ రెండు పేజీలు. తాను అకౌంటింగులో పట్టభద్రుణ్ణనీ, మూడేళ్లుగా ఉద్యోగం లేదనీ, తండ్రి ప్రభుత్వోద్యోగం చేసి దిగినా పింఛను అందడం లేదనీ, తమ నేలలోని చమురు విదేశీ కంపెనీలు తోడుకుపోతుంటే తమ పాలకులు లండన్‌లో ఇళ్లు కొనుక్కుంటున్నారనీ రాశాడు. తరువాత నా వైపు తిరిగాడు. తెల్లవాళ్లు మీ దేశాన్నీ దోచుకున్నారు కదా, ఒక భారతీయుడిగా నువ్వు నన్ను అర్థం చేసుకోవాలి, పైగా మీ మాస్టారు అమాయకుడేమీ కాదు, చనిపోయినవాడి డబ్బుకు ఆశపడ్డాడు, నిజాయితీపరుడైతే మొదటి ఉత్తరానికే జవాబిచ్చేవాడు కాదు అన్నాడు. ఇంత రాసి, చివరి పేరాలో, భారతదేశంలో తమకు ఒక బ్యాంకు ఖాతా అవసరమనీ, నా ఖాతా ఇస్తే వచ్చినదానిలో ఇరవై శాతం నాదేననీ ప్రతిపాదించాడు.

నేను జవాబు రాయలేదు. అయితే నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, మాస్టారు పోగొట్టుకున్న మొత్తంలో ఇరవై శాతం ఎంతవుతుందో ఆ రాత్రి షట్టరు దించుతూ మనసులో లెక్క కట్టాను. యాభై నాలుగు వేలు.

ఆ ఉత్తరంలో చాలా మాటలు నిజమే. నైజీరియాను 1970ల చమురు ధరలు పైకెత్తాయి, 1980ల ఆరంభంలో పడిపోయిన ధరలు కిందపడేశాయి. 1986లో అక్కడ అమలు చేసిన ఆర్థిక సంస్కరణలతో అక్కడి కరెన్సీ నైరా విలువ కుప్పకూలింది. 1980ల మొదట్లో ఒక డాలరుకు ఒక నైరా కూడా ఇవ్వనక్కర లేకపోగా, నాకు ఆ ఉత్తరం వచ్చేనాటికి నూట ముప్పైకి పైగా ఇవ్వవలసి వచ్చేది. 1993 నుంచి 1998లో మరణించేవరకు ఆ దేశాన్ని ఏలిన సైనిక పాలకుడు సానీ అబాచా కుటుంబం దాచుకున్న సొమ్ములో కోట్లాది డాలర్లను స్విట్జర్లాండు తరువాతి కాలంలో తిరిగి పంపవలసి వచ్చింది. డిగ్రీ చేతిలో పట్టుకుని, ఇంటర్నెట్ కేఫ్‌లో రాత్రంతా కూర్చునే కుర్రవాడికి ఇవి వార్తలు కావు, ఇంట్లో రోజూ కనిపించే సంగతులు. అటువంటి కుర్రవాళ్లకు అక్కడ ‘యాహూ బాయ్స్’ అని పేరు పడింది. మోసపోయినవాణ్ణి మనం బకరా అన్నట్టే వారు ‘ముగు’ అంటారు. మోసపు మాటలతో ఆస్తి కాజేయడం వారి శిక్షాస్మృతిలో 419వ సెక్షను, మన పాత శిక్షాస్మృతిలో 420. రెండూ ఆంగ్లేయుల కాలపు చట్టాల వారసత్వమే.

(ఒక మాట పక్కగా చెప్పాలి. ఈ చరిత్ర చెప్పినప్పుడల్లా, విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికా విద్యార్థులను అనుమానంగా చూసేవారు తలూపుతారు. వారికోసం నేను ఇది రాయడం లేదు. ఆ పిల్లల్లో ఎక్కువ మంది చేసేది మన పిల్లలు అమెరికాలో చేసేదే, ఫీజు కట్టి చదువుకోవడం.)

గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే ఇద్దరు అమెరికన్ సమాజశాస్త్రవేత్తలు 1957లో బాల నేరస్థుల గురించి రాసిన వ్యాసాన్ని నేను చాలా ఏళ్ల తరువాత చదివాను. నేరం చేసేవారు నీతిని కాదని బతకరనీ, నీతిని ఒప్పుకుంటూనే తమకు మాత్రం మినహాయింపు తయారు చేసుకుంటారనీ వారు అన్నారు. ఆ మినహాయింపులు ఐదు రకాలు: నా చేతిలో ఏమీ లేదనడం, ఎవరికీ నష్టం జరగలేదనడం, నష్టపోయినవాడు దానికి తగినవాడే అనడం, వేలెత్తి చూపేవారే అసలు దొంగలనడం, నావాళ్ల కోసం చేశాననడం. నా దగ్గరున్న రెండు పేజీలను పక్కన పెట్టుకుని చూస్తే ఐదింటిలో నాలుగు వరసగా కనిపించాయి. ఎవరికీ నష్టం లేదన్న మాట ఒక్కటే అతడు రాయలేదు, ఎందుకంటే ఎంత నష్టమో నేను నా మెయిలులో అంకెలతో సహా రాశాను.

వీటిలో నన్ను ఎక్కువ కాలం ఇబ్బంది పెట్టినది, మాస్టారు ఆశపడ్డారన్న మాట. ఆశపడిన మాట వాస్తవం. కాని ఆశ ఉన్నవారందరూ ఈ వలలో పడరు. కార్మక్ హర్లీ అనే పరిశోధకుడు 2012లో ఒక చిన్న ప్రశ్న వేశాడు. నైజీరియా పేరు వింటేనే అందరూ జాగ్రత్త పడుతున్నప్పుడు, ఈ మోసగాళ్లు తాము నైజీరియా వారమని మొదటి వాక్యంలోనే ఎందుకు చెబుతారు? ఆయన చెప్పిన కారణం ఏమంటే, మొదటి మెయిలు పంపడానికి ఖర్చు ఉండదు, ఆ తరువాత ఒక్కొక్కరితో నెలల తరబడి రాసుకోవడానికే శ్రమ. కాబట్టి అనుమానించే గుణం ఉన్నవారు ముందే తప్పుకుని, చివరి దాకా నమ్మేవారు మాత్రమే మిగలాలి. అంటే ఆ ఉత్తరం ఒక జల్లెడ. అది దురాశాపరులను ఏరడానికి పెట్టిన జల్లెడ కాదు, ఎదుటివాడు రాతపూర్వకంగా అబద్ధం చెప్పడని నమ్మేవారిని ఏరడానికి పెట్టినది. ముప్పై ఏళ్లు పిల్లల చేత ఇంగ్లీషు ఉత్తరాలు రాయించిన మనిషి, బ్యాంకు ముద్ర ఉన్న కాగితాన్ని నమ్మడం అటువంటిదే.

పైగా ఆశకు తావే లేని మోసాలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. మా బావగారు మిర్చి యార్డు ఆధారంగా ఎండుమిర్చి ఎగుమతి చేస్తారు. 2018లో శ్రీలంకలోని ఒక చిన్న వ్యాపారికి తాలు ఏరేసిన తేజ రకం సరుకు పంపుతుండగా, బావగారి మెయిలులోకి ఎవరో చొరబడి వారాల తరబడి చదువుతూ కూర్చున్నారు. బిల్లు వెళ్లే రోజున అచ్చం ఆయన చిరునామాలాగే కనిపించే మరో చిరునామా నుంచి, ఆడిట్ వల్ల మా ఖాతా మారింది, కొత్త ఖాతాలో వేయండి అని రాశారు. చిరునామాలో తేడా ఒక్కటే, చిన్న ఎల్ అక్షరం బదులు ఒకటి అంకె. శ్రీలంక వ్యాపారి పన్నెండు లక్షల చిల్లర ఆ కొత్త ఖాతాలో వేశాడు. ఆ వ్యాపారి చేసిన తప్పు, బాకీని గడువులోపల తీర్చడం. సగం సగం భరించుకోవాలని ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. మా బావగారి వాటా ఆయన జేబు దగ్గర ఆగలేదు. ఆ సీజనులో కాయల తొడిమలు తీసిన ఆడకూలీలకు డబ్బు అందడం రెండు నెలలు ఆలస్యమైంది, వారిలో ఇద్దరు వడ్డీకి తెచ్చుకున్నారు. ప్రపంచ అసమానతను సరిచేస్తున్నామనే వాదన ఏటుకూరు రోడ్డులో తొడిమలు తీసే ఆడమనిషి దాకా ఇలా చేరింది.

నా అభ్యంతరం ఇక్కడే ఉంది. దోపిడీ జరిగిందన్నది నిజం, పాలకులు తిన్నారన్నది నిజం. కాని ఆ బాకీ వసూలు చేయడానికి బయలుదేరినవాడు బాకీదారుడి ఇంటికి వెళ్లడం లేదు, తలుపు తెరిచి ఉన్న ఇంటికి వెళుతున్నాడు. పెద్ద సంస్థను నిజంగా కొల్లగొట్టిన సందర్భం కూడా లేకపోలేదు. 1995-98 మధ్య లేని విమానాశ్రయాన్ని చూపించి బ్రెజిల్‌లోని బాంకో నొరోయెస్తే నుంచి 24 కోట్ల 20 లక్షల డాలర్లు రాబట్టారు. దానికి సూత్రధారి ఎమ్మాన్యుయెల్ న్వూడే ఉద్యోగం దొరకని పట్టభద్రుడు కాడు. నైజీరియాలో ఒక పెద్ద బ్యాంకుకు డైరెక్టరుగా పనిచేసినవాడు. 2005లో శిక్ష పడింది. పేదరికం అనే సాకు పేదవాడి దగ్గర పుట్టి ఉండవచ్చు, దానిని వాడుకోవడానికి పేదవాడే కానక్కర లేదు.

మనం దూరంగా నిలబడి చూస్తున్నామని కూడా అనుకోకండి. 2016లో ముంబై పక్కన మీరా రోడ్డులో పట్టుబడిన కాల్ సెంటర్ల కుర్రవాళ్లు అమెరికా పన్ను అధికారులమని చెప్పి అక్కడి వారిని బెదిరించారు. 2024లో మన రాష్ట్రం నుంచే, ఉద్యోగాలని నమ్మించి కంబోడియాకు తరలించిన యువకుల చేత బలవంతంగా సైబర్ మోసాలు చేయించిన వ్యవహారాన్ని విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. పాస్‌పోర్టు లాక్కుని, కొట్టి చేయించిన పనికి, ఇష్టపడి చేసిన పనికి తేడా ఉంది. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టను.

మా వీధిలో ఒక కుర్రవాడి సంగతి వేరు. బీటెక్ అయ్యి ఖాళీగా ఉన్న రోజుల్లో, ఎవరో అడిగితే తన బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, ఫోను సిమ్ము పది వేలకు అద్దెకిచ్చాడు. ఖాతా స్తంభించి, వేరే రాష్ట్రం నుంచి పోలీసు నోటీసు వచ్చిన తరువాత నా దగ్గరకు వచ్చి, “నేను ఎవరినీ మోసం చెయ్యలేదంకుల్, ఖాతా ఇచ్చానంతే” అన్నాడు. నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. కంప్యూటరు ఇచ్చానంతే అని 2004లో నేను అనుకున్న మాటకు, దీనికి ఎంత తేడా ఉందో నాకే తేలలేదు. అదీగాక నా ఎనిమిది కంప్యూటర్లలోనూ నడిచింది దొంగ కాపీ సాఫ్ట్‌వేరే. ఆ సాఫ్ట్‌వేరు తయారుచేసిన కంపెనీ అధిపతి ప్రపంచంలోకెల్లా ధనవంతుడు, బ్రాడీపేటలో గంటకు ఇరవై రూపాయలు సంపాదించేవాడి వల్ల ఆయనకు తరిగేదేముందని నేను నవ్వుతూ అనేవాణ్ణి, వినేవారూ నవ్వేవారు. ఆ మాటనే కొంచెం పెద్దది చేసి, చరిత్ర జోడిస్తే లాగోస్ ఉత్తరం అవుతుంది.

ఆ ఉత్తరాన్ని మాస్టారికి చూపించాలా వద్దా అని వారం రోజులు ఆలోచించి, చివరకు ప్రింటు తీసి ఇచ్చాను. తన గురించి రాసిన చోట బాధపడతారనుకున్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండు పేజీలూ మెల్లగా చదివారు, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి రెండు చోట్ల క్రియారూపం తప్పుందని దిద్దారు. తరువాత, “బాగానే రాస్తాడే, ఉద్యోగం ఎందుకు రాలేదో” అన్నారు. కాసేపాగి, తండ్రికి పింఛను అందడం లేదన్నది నిజమేనంటావా అని నన్ను అడిగారు. తెలియదు మాస్టారూ అన్నాను. ఆయన కాగితాలు నాలుగు మడతలు పెట్టి ఫైలులో వేసుకుని, ఎప్పటిలాగే పది రూపాయలు బల్ల మీద పెట్టి వెళ్లబోయారు. ఆ ఒక్క రోజు నేను తీసుకోలేదు.