ముందు రక్తపరీక్ష, తర్వాతే పెళ్లి

చిట్టీ,

నువ్వు బ్రిటిష్ షార్ట్‌హెయిర్ జాతి ఆడపిల్లిని కొని, పిల్లుల షోలకు తిప్పి, కూనలు కూడా పెట్టిస్తావట. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "నిన్ను చూసే చెడిపోయింది" అని నాకే అక్షింతలు పడ్డాయి. పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరే ఇల్లు మనది. అలాంటి ఇంట్లో నాకో తోడు దొరికిందని గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. డబ్బు కట్టేముందు ఆ కూన జీసీసీఎఫ్‌లో, అంటే ఇక్కడ జాతి పిల్లులను నమోదు చేసే సంస్థలో, యాక్టివ్ రిజిస్టర్ (కూనలు పెట్టించడానికి ఒప్పుకున్న పిల్లుల జాబితా) మీద ఉందో లేదో అడుగు. లేకపోతే దాని పిల్లలకు రిజిస్ట్రేషన్ రాదు. పదమూడు వారాలు నిండకుండా ఇస్తామంటే తీసుకోకు. ఎవరైనా చూడ్డానికొస్తూ లిల్లీ పూలు తెస్తే గుమ్మం దాటనివ్వకు, మొహమాటపడకు. ఒంటికంటిన పుప్పొడిని నాకినా చాలు, పిల్లి కిడ్నీలు పోతాయి. మగపిల్లిని కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. గండుపిల్లి కనిపించిన గోడకల్లా ఉచ్చ కొడుతుంది, దానికి విడిగా ఒక గది కావాలి. లీడ్స్‌లో నీ ఫ్లాట్‌లో నీకే చోటు లేదు.

షోల గురించి నీకు భయం అక్కర్లేదు. 1871లో హారిసన్ వీర్ అనే చిత్రకారుడు లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పిల్లుల షో పెట్టినప్పటి నుంచీ ఇక్కడివాళ్లకు ఇదో పిచ్చి, కొత్తవాళ్లకు అన్నీ దగ్గరుండి చెప్తారు. పొద్దున్నే వెళ్లగానే వెట్, అదే పశువుల డాక్టరు, చూస్తాడు. చెవిలో నలుసంత పురుగు కనిపించినా లోపలికి రానివ్వరు. బోనులో దుప్పటి తెలుపు, గిన్నె తెలుపు, దొడ్డికి కూర్చునే ట్రే తెలుపు. ఏ పిల్లి ఎవరిదో జడ్జికి తెలియకూడదని ఈ పద్ధతి. నేను మొదటిసారి అంచుకు సన్నటి గులాబీ గీత ఉన్న దుప్పటి పట్టుకెళితే, జడ్జికి సాయంగా ఉండే స్టీవార్డ్ నవ్వుతూ తీయించేసింది. జడ్జీలు బోను బోనుకూ తిరుగుతుంటే మనం హాలు బయట టీ తాగుతూ గోళ్లు కొరుక్కోవడమే. ముగ్గురు వేర్వేరు జడ్జీలు మూడు సర్టిఫికెట్లు ఇస్తే ఛాంపియన్. ఇంటికొచ్చాక కొన్నాళ్లు దాన్ని మిగతా పిల్లులకు దూరంగా ఉంచు, జలుబు తెచ్చుకునేది అక్కడే.

ఇక అసలు సంగతి. నాకు ఈ విద్య నేర్పిన పెద్దావిడ దగ్గర ఒక బ్లూ, అంటే నీలిబూడిద రంగు, ఆడపిల్లి ఉండేది. గుండ్రటి మొహం, రాగి రంగు కళ్లు, షోకెళితే బహుమతి కార్డు లేకుండా వచ్చేది కాదు. అది ఎదకొస్తే ఊరు దాటించి ఒక ఛాంపియన్ మగపిల్లితో కట్టించింది. బ్లడ్ గ్రూప్ చూపించారా అని నేనడిగితే, "ముప్ఫయ్యేళ్లుగా పెంచుతున్నాను, పిల్లిని చూస్తే తెలియదా" అంది. నాలుగు కూనలు పుట్టాయి. బొద్దుగా, చక్కగా పాలు తాగుతున్నాయి. సాయంగా ఉందామని నేనూ వెళ్లాను. రెండో రోజు పొద్దున ఒకదానికి తడి దూదితో తుడిచి ఉచ్చ పోయిస్తుంటే, దూదికి టీ డికాషన్ రంగు అంటింది. మధ్యాహ్నానికి అది పాలు మానేసింది. రాత్రికి మూడు పోయాయి. నాలుగోది బతికింది గానీ తోక కొస నల్లబడి, ఎండి, ఊడిపోయింది.

ఆవిడ దాన్ని "బలం లేని కూనలు" అనుకుంది. మరుసటి ఏడు మళ్లీ అదే మగపిల్లి దగ్గరికి పంపింది. మళ్లీ అదే జరిగింది. అప్పుడు వెట్ రక్తం తీసి చూస్తే ఆడది బి గ్రూపు, మగది ఏ. ఆవిడ మీద నాకు కోపం మొదటి ఈత గురించి కాదే, రెండోదాని గురించి. ఆ మూడింటినీ గుడ్డలో చుట్టింది నేను.

జరిగేదేమిటంటే, బి గ్రూపు పిల్లి రక్తంలో ఏ గ్రూపును చంపే యాంటీబాడీలు సహజంగానే బలంగా ఉంటాయి. ముర్రుపాలతో అవి కూనలోకి వెళ్లి, ఏ గ్రూపు కూన అయితే దాని రక్తకణాలను విరగ్గొడతాయి. తల్లి పాలే విషమవుతాయన్నమాట. మామూలు వీధి పిల్లుల్లో బి తక్కువ. నువ్వు మోజుపడిన జాతిలో మాత్రం చాలా ఎక్కువ, అందుకే నా ప్రాణం మీదికొచ్చింది. నీ పిల్లిది ఏ అయితే ఈ బెంగ లేదు. బి అయితే బి మగపిల్లినే వెతుకు. అది దొరక్క ఏ గ్రూపుతో కట్టిస్తే, పుట్టిన కూనలను మొదటి ఇరవై నాలుగు గంటలూ తల్లి దగ్గర తాగనివ్వకుండా మనమే పిల్లికూనల పాలపొడి కలిపి పట్టాలి. ఆ తర్వాత వాటి పేగు ఆ యాంటీబాడీలను లోపలికి రానివ్వదు, తల్లికి అప్పగించొచ్చు. తల్లి అరుస్తుంది, నీ చేతులు గీరుతుంది. పడాలి.

ఇంత చదివి పిల్లే వద్దనుకోకు తల్లీ. రోజూ కూనలను తూకం వేసి పుస్తకంలో రాసుకో. తల్లి వాటిని ఏడిళ్లు తిప్పుతూ నీ చీరల అల్మరాలో పెట్టినా తిట్టకు. ఛాంపియన్ బిరుదు చూసి ఎవరు తొందరపెట్టినా రెండు పిల్లుల రక్తపరీక్ష కాగితాలు చేతికొచ్చేదాకా సరేననకు.

అవి రాగానే ఫోటో తీసి నాకు పంపు. జత కట్టిన రోజు నుంచి అరవై మూడు, అరవై ఐదు రోజులు లెక్కేసి ఆ వారానికి నాకు రైలు టికెట్ తీసి పెట్టు. పాలపొడి, సిరంజీలు నేను తెస్తాను. రెండు గంటలకోసారి పట్టాలి, రాత్రి వంతు నాది.

మీ పెద్దమ్మ