పొదుగు విడవని పెట్టను ఏం చేయాలి?

ప్రశ్న: మా పెరట్లో నాలుగు నాటు పెట్టలు ఉన్నాయి. ఉన్న ఒక్క పుంజును సంక్రాంతికి ముందే అమ్మేశాము. ఈ వైశాఖంలో ఒక పెట్ట పది రోజులుగా గూటి మూలలో కూర్చుని లేవడం లేదు. దగ్గరకు వెళితే ఈకలు నిక్కబొడుచుకుని పొడవడానికి వస్తోంది. గుడ్లు మానేసింది, మేత కూడా సరిగా తినడం లేదు. ఇది జబ్బా? ముక్కులో ఈక గుచ్చితే పొదుగు వదులుతుందని మా అత్తగారు, నీళ్ళ బిందెలో ముంచమని పక్కింటివారు చెబుతున్నారు. రెండూ చేయడానికి నాకు మనసొప్పడం లేదు.
– ఒక పాఠకురాలు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: మీ మనసు చెప్పిన మాటే వినండి, ఆ రెండు పనులూ చేయకండి. ముక్కులో ఈక గుచ్చితే పుండుపడి, వాచి, ఊపిరి తీసుకోవడమే కష్టమవుతుంది. బిందెలో ముంచినప్పుడు బెదిరి గిలగిలలాడే పెట్ట ముక్కులోకి నీరు పోతే ప్రాణానికే ముప్పు.

మీ పెట్ట తీరు చూస్తే జబ్బులా లేదు, పొదుగుకు కూర్చున్నట్లే ఉంది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగినప్పుడు పెట్ట గుడ్లు పెట్టడం ఆపి, రొమ్ము కింది ఈకలు రాలగా బయటపడిన వెచ్చని చర్మాన్ని గుడ్లకు ఆనించి కూర్చోవాలని తహతహలాడుతుంది. కింద గుడ్లు లేకపోయినా ఆ తహతహ తగ్గదు. జబ్బుపడిన కోడి రెక్కలు వాల్చి, కళ్ళు మూసుకుని, పట్టుకోబోయినా ఎదురుతిరగకుండా కూలబడి ఉంటుంది. పొదుగు పెట్ట మాత్రం చురుకైన కళ్ళతో కాపలా కాస్తూ, రోజుకు ఒకసారి దిగి, గబగబా గింజలు ఏరుకుని, నీళ్ళు తాగి, ఒకేసారి పెద్ద రెట్ట వేసి, పావుగంట, ఇరవై నిమిషాలలో మళ్ళీ గూటికి చేరుతుంది. ఆకుపచ్చని పల్చటి రెట్ట, మెడ వంకర కనిపిస్తే మాత్రం కొక్కెర తెగులేమోనని అనుమానించి వెంటనే పశువైద్యుడికి చూపించాలి.

ఇక దాన్ని అలాగే కూర్చోనివ్వవచ్చా అంటే, మీ విషయంలో వద్దు. పుంజు దూరమయ్యాక రెండు, మూడు వారాలు దాటితే పెట్ట పెట్టే గుడ్లు పిల్లలు కావు. కోడిగుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు పడుతుంది గానీ, పిల్లలు రాకపోతే ఆ గడువు దాటినా చాలా పెట్టలు లేవవు. అర్ధాకలితో, ఎండాకాలపు ఉక్కలో అన్ని రోజులు కూర్చున్న పెట్ట రొమ్ము ఎముక తేలేంతగా చిక్కిపోతుంది, కదలకుండా ఉండడం వల్ల పేలు కూడా పడతాయి.

పొదుగు మాన్పించడానికి నేను నమ్మే పద్ధతి ఒక్కటే: రొమ్ముకు చల్లగాలి తగలనివ్వడం. వెదురు బద్దలు గానీ ఇనుప జాలీ గానీ అడుగుగా ఉన్న బోనును నీడగా, వెలుతురుగా ఉన్న చోట నాలుగు ఇటుకల మీద నిలబెట్టండి. లోపల గడ్డి గానీ, గోనె గానీ వేయకండి. పెట్టను అందులో ఉంచి, మేత, నీళ్ళు ఎప్పుడూ అందేలా చూడండి. ఆకలితో మాడిస్తే పొదుగు వదులుతుందనే మాట వినకండి. ఇప్పటికే చిక్కిన పెట్టకు కావలసింది తిండి. కింద వెచ్చదనం కూడే వీలు లేక మూడు, నాలుగు రోజులలో చాలా పెట్టలు మామూలవుతాయి. మీది పది రోజులుగా కూర్చుంది కనుక వారం పట్టినా ఆశ్చర్యపడకండి. బయటకు వదిలినప్పుడు తోటి కోళ్ళతో కలిసి గీరుకుంటూ మేస్తే పని అయినట్లే. తిన్నగా పాత మూలకే పరుగెడితే మరో రెండు రోజులు బోనులో ఉంచండి. ఆ మూలను కొన్నాళ్ళు మూసేసి, మిగిలిన పెట్టల గుడ్లు ఏ రోజువి ఆ రోజే తీసేయండి. మళ్ళీ గుడ్డు కనిపించడానికి రెండు, మూడు వారాలు ఓపిక పట్టాలి.

ఫారాలలోని లెగ్‌హార్న్ కోళ్ళలో ఈ గుణాన్ని తరతరాల ఎంపికతో దాదాపు పోగొట్టారు. గుడ్లు పొదిగే యంత్రం లేని మన పల్లెల్లో నాటుకోడి జాతి నిలిచింది మాత్రం ఈ గుణం వల్లనే. కాబట్టి దాన్ని మాన్పిస్తున్నా, పెట్ట మీద కోపం పెట్టుకోవద్దని నా విన్నపం.

ప్రశ్న: మా నాటు పెట్ట పొదుగుకు వచ్చింది. దాని కింద గ్రామప్రియ గుడ్లు పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: పుంజుతో కలిసి తిరిగిన పెట్టల గుడ్లయితే పిల్లలు వస్తాయి. కానీ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ సంకర రకం కనుక, దాని పిల్లలకు తల్లిలా గుడ్లు పెట్టే శక్తి పూర్తిగా రాదు. ఆ రకమే కావాలంటే హ్యాచరీ నుంచి ఒక రోజు పిల్లలను తెచ్చి, రెండు, మూడు వారాలుగా కూర్చున్న పెట్ట రెక్కల కిందకు చీకటి పడ్డాక మెల్లగా చేర్చండి. చాలా పెట్టలు తెల్లవారేసరికి వాటిని తమ పిల్లలుగానే చూసుకుంటాయి. అయినా ఉదయాన్నే పక్కన ఉండి, పొడుస్తోందేమో గమనించండి. పిల్లలకు అయిదు నుంచి ఏడు రోజుల వయసులో కొక్కెర తెగులు రాకుండా కంట్లో లాసోటా టీకా చుక్క తప్పక వేయించండి.